మూడుసార్లు నింపినా నిలవని కారు ఏసీ గ్యాస్: కూలింగ్ కాయిల్ విప్పించే ముందు ఏమేం చూడాలి?

క్లాక్ టవర్ నివాసి, నల్లగొండ:

అందరికీ నమస్కారం. నాది ఎనిమిదేళ్ల పాత పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ఉద్యోగరీత్యా వారానికి నాలుగైదు రోజులు నల్లగొండ నుంచి మిర్యాలగూడ వెళ్లి వస్తుంటాను. పోయిన ఏడాది మార్చి చివరలో ఏసీ చల్లదనం తగ్గితే ఊళ్లోనే ఒక షాపులో చూపించాను. గ్యాస్ అయిపోయిందన్నారు, నింపారు. జూన్ రెండో వారానికి మళ్లీ వేడిగాలి వచ్చింది, మళ్లీ నింపారు. వానలు మొదలయ్యాక ఏసీ అవసరం పెద్దగా పడలేదు, చలికాలమంతా వేయనే లేదు. ఈ ఫిబ్రవరి చివరలో వేసి చూస్తే కొంత తగ్గినట్టు అనిపించి, ఎండలు ముదరక ముందే మూడోసారి నింపించాను. ఇప్పుడు మే నెల సగం కూడా కాలేదు, మధ్యాహ్నం రెండింటికి మిర్యాలగూడలో బయలుదేరితే ఇల్లు చేరేదాకా చొక్కా ఒంటికి అంటుకునే ఉంటోంది.

ప్రస్తుతం కనిపిస్తున్న లక్షణాలు ఇవి. ఉదయం ఏడు గంటలకు గాలి చల్లగానే వస్తుంది. ఎండ ఎక్కాక కంప్రెసర్ (గ్యాస్‌ను ఒత్తి తిప్పే పంపు) క్లచ్ పది పదిహేను సెకన్లకొకసారి టక్కుమని పడుతూ వదులుతూ ఉంటుంది. ఏసీ వేయగానే డాష్‌బోర్డు లోపలి నుంచి బుసకొట్టినట్టు చప్పుడు వస్తోంది, ఇది మునుపు లేదు.

గ్యాస్ నింపిన ప్రతిసారీ ముందుగా అరగంట వాక్యూమ్ పెట్టి, అంటే పంపుతో లోపలి గాలినంతా లాగేసి, గేజి ముల్లు కదలలేదని నాకే చూపించి, లీకేజీ లేదని చెప్పారు. ఈసారి మాత్రం బయట ఎక్కడా కనిపించడం లేదు కనుక కూలింగ్ కాయిలే (డాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచే భాగం) పోయి ఉంటుందని, డాష్‌బోర్డు మొత్తం విప్పాలని, కాయిల్, కూలీ, గ్యాస్ అన్నీ కలిపి పదకొండున్నర వేలు అవుతుందని అంటున్నారు. కాయిల్ పోయిందనడానికి ఆధారమేమిటని అడిగితే, ఇంకేం మిగిలింది సార్ అన్నారు. బండి ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంటుంది, ఆకులు పడి కాయిల్ తినేస్తాయని కూడా అన్నారు. ఒకసారి డాష్‌బోర్డు విప్పిన బండిలో గడగడ చప్పుడు ఆగదని మా బంధువుల అనుభవం. విప్పించే ముందు వేరే ఏ పరీక్షలు చేయించాలి? వాక్యూమ్ నిలిచినప్పుడు గ్యాస్ ఎలా పోతోంది? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ఏసీ పని, జడ్చర్ల:

నమస్కారం సార్. ఇరవై మూడేళ్లుగా హైవే పక్కన ఇదే పని చేస్తున్నాను. మొదట ఒక మాట. ఏసీలో గ్యాస్ పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు, మూసిన పైపుల్లో తిరిగిందే తిరుగుతుంది. రబ్బరు పైపుల గుండా ఏడాదికి కొద్ది గ్రాములు పోవడం సహజమే గాని, మీలాంటి బండిలో పట్టే నాలుగు వందల చిల్లర గ్రాములలో సగానికి పైగా మూడు నెలల్లో పోయిందంటే ఎక్కడో దారి ఉన్నట్టే. దారి వెతకకుండా మూడుసార్లు నింపినవారు, నాలుగోసారి వెతకకుండానే డాష్‌బోర్డు విప్పుదామంటున్నారు. కాయిల్ కావచ్చు, కాదనను. కానీ చూపించమని అడిగే హక్కు మీకుంది.

మీరు చెప్పిన లక్షణాలు గ్యాస్ తగ్గినప్పటివే. లోపల గ్యాస్ చాలకపోతే ఒత్తిడి పడిపోయి స్విచ్ క్లచ్‌ను వదిలేస్తుంది, ఒత్తిడి లేవగానే మళ్లీ పట్టుకుంటుంది. ఆ బుస చప్పుడు ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (ద్రవాన్ని సన్నని దారిన కాయిల్‌లోకి వదిలేది) దగ్గరికి పూర్తిగా ద్రవం చేరక, ఆవిరి కలిసి వెళ్తున్నందువల్ల వస్తుంది. ఇలాగే నడుపుతూ పోతే గ్యాస్‌తోపాటు తిరిగి రావలసిన నూనె కంప్రెసర్‌కు చేరదు, అప్పుడు ఖర్చు పదకొండు వేలతో ఆగదు.

అసలు పని కళ్లతో మొదలవుతుంది. గ్యాస్ కంటికి కనిపించదు గాని, దానితోపాటు బయటికి వచ్చే నూనె కనిపిస్తుంది. మన రోడ్ల దుమ్ము ఆ నూనె మీద అతుక్కుని నల్లటి జిడ్డు మరక కడుతుంది. పైపు అంతా ఎర్రదుమ్ముతో పొడిగా ఉండి, ఒక్క జాయింటు దగ్గర మాత్రం వేలితో రాస్తే జిడ్డు తగిలిందంటే సగం పని అయిపోయినట్టే. బానెట్ ఎత్తిన వెంటనే నీళ్లు కొట్టి ఇంజను కడిగే వారున్నారు, వారు ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ కడిగేస్తున్నారు.

వెతికే వరుస నాకు ఇలా ఉంటుంది. గ్యాస్ నింపే రెండు వాల్వులకు మూతలున్నాయా అని ముందు చూస్తాను. లోపలి పిన్ను సైకిల్ ట్యూబు పిన్ను లాంటిదే, దానిమీద ఒక చుక్క సబ్బునీరు వేస్తే అర నిమిషంలో తెలిసిపోతుంది. తర్వాత కండెన్సర్, అంటే వేడి గ్యాస్‌ను చల్లార్చి ద్రవం చేసే జాలీ: రేడియేటరు ముందు ఉంటుంది కనుక కంకర లారీల వెనక పోయిన ప్రతి రాయీ దానికే తగులుతుంది. దాని కింది అంచును, బంపర్ బ్రాకెట్ల వెనక దాగే మూలలను అద్దం పెట్టి చూడాలి. ఆపైన ప్రతి జాయింటులోని ‘ఓ’ రింగు (గుండ్రటి రబ్బరు సీలు), రబ్బరు పైపు అల్యూమినియం గొట్టంలోకి దిగి నొక్కిన చోటు, ప్రెషర్ స్విచ్ మొదలు, కంప్రెసర్ ముందు క్లచ్ వెనక ఉండే షాఫ్ట్ సీలు. షాఫ్ట్ సీలు కారితే క్లచ్ తిరిగే వరుసలో బానెట్ లోపలి వైపు సన్నని నూనె గీత చిమ్మి ఉంటుంది, అది చాలామంది చూడరు.

కూలింగ్ కాయిల్‌ను విప్పకుండానే పరీక్షించవచ్చు. మీ బండిలో ఇంకా కొంత గ్యాస్ ఉంది కాబట్టి దాన్ని వదలకముందే చేయాలి. ఏసీ పది నిమిషాలు వేసి, ఇంజను, బ్లోయర్ రెండూ ఆపి, పావుగంట ఆగాలి. ఈ గ్యాస్ గాలికంటే బరువు. కాయిల్ కారుతుంటే అది పెట్టె అడుగున చేరి, నీళ్లు కారే గొట్టం దారిన దిగుతుంది. ఎలక్ట్రానిక్ డిటెక్టర్ మొనను ఆ గొట్టం దగ్గర పెడితే కూస్తుంది. గొట్టంలో నీళ్లుంటే మొన తడిసి పాడవుతుంది, అప్పుడు బ్లోయర్ రెసిస్టర్ (ఫ్యాను వేగాన్ని మార్చే చిన్న భాగం) విప్పి ఆ రంధ్రంలో చూడాలి. డాష్‌బోర్డుకు సెంటు, పాలిష్ కొట్టి ఉంటే ఆ రోజు పరీక్ష వద్దు, డిటెక్టర్ దానికీ కూస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా దొరక్కపోతే, ఉన్న గ్యాస్‌ను తిరిగి పట్టే యంత్రంలోకి తీసి, పొడి నైట్రోజన్‌ను రెగ్యులేటర్ ద్వారా 150 పీఎస్‌ఐ (టైరు గాలికి చెప్పే ఒత్తిడి కొలతే) వరకు నింపి, ప్రతి జాయింటుకూ చిక్కటి సబ్బునురుగు పూయాలి. ఎవరైనా టైర్లకు కొట్టే గాలి చాలంటే ఒప్పుకోకండి. ఆ గాలిలో తేమ ఉంటుంది, పైగా మిగిలిన ఆర్‌-134ఏ, అంటే మీ ఏసీ గ్యాస్, ఒత్తిడిలో గాలితో కలిస్తే అంటుకునే గుణం వస్తుంది. వెల్డింగ్ షాపు ఆక్సిజన్ అయితే నూనెతో కలిసి పేలుతుంది. ఒకసారి ఆ ప్రయత్నం చేయబోతున్న కుర్రవాడిని పక్క షెడ్డు నుంచి పరుగెత్తి వెళ్లి ఆపాను.

దేవరకొండ ట్యాక్సీ:

అన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. నా సెడాన్‌కు కండెన్సర్ కింది మూలలో రాయి తగిలింది. అది తెలియక, లీకేజీని లోపలి నుంచే మూసేస్తుందన్న డబ్బా మందు ఎక్కించుకున్నాను. మందు వేసిన నెల చల్లగా ఉంది. తర్వాత అదే మందు ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో గడ్డకట్టింది. హైదరాబాదులో ఒక పెద్ద షాపుకు పోతే, ఆ మందు పడిన బండికి తమ యంత్రం తగిలించబోమని, యంత్రమే పాడవుతుందని తిప్పి పంపారు. చివరికి కండెన్సర్, వాల్వ్, డ్రయర్ (లోపలి తేమను పీల్చే డబ్బా) మూడూ మార్చాను. మీరు ఏదైనా చేయించండి గాని ఆ డబ్బా జోలికి మాత్రం పోకండి సార్.

భౌతికశాస్త్రం, పాలమూరు:

ప్రశ్నలో అడిగినవారు తమకు తెలియకుండానే ఒక ముఖ్యమైన ఆధారం ఇచ్చారు. మార్చిలో నింపినది పదకొండు వారాలు వచ్చింది. జూన్‌లో నింపినది ఎనిమిది నెలలు వచ్చింది, ఆ కాలంలో ఏసీ దాదాపు వాడలేదు. ఫిబ్రవరి చివరలో నింపినది మళ్లీ పదకొండు వారాలే. అంటే బండి నిలబడి ఉన్నప్పుడు కంటే ఏసీ నడుస్తున్నప్పుడే గ్యాస్ ఎక్కువగా పోతోంది.

ఇది కూలింగ్ కాయిల్ స్వభావానికి సరిపోదు. ఏసీ నడిచేటప్పుడు కాయిల్ ‘లో సైడు’లో, అంటే తక్కువ ఒత్తిడి వైపు, ఉంటుంది, అక్కడ ఒత్తిడి 30 నుంచి 40 పీఎస్‌ఐ. ఏసీ ఆపి కాసేపు ఉంచితే రెండు వైపులా ఒత్తిడి సమానమై, బయటి ఉష్ణోగ్రతను బట్టి నిలుస్తుంది. ఆర్‌-134ఏకు అది 20 డిగ్రీల దగ్గర సుమారు 68, 30 డిగ్రీల దగ్గర సుమారు 97, 40 డిగ్రీల దగ్గర సుమారు 133 పీఎస్‌ఐ. అంటే చలికాలంలో కదలకుండా ఉన్న బండిలో కూడా కాయిల్ మీద ఏసీ నడిచేటప్పటికంటే ఎక్కువ ఒత్తిడే ఉంటుంది. కాయిల్‌కు రంధ్రం ఉంటే ఆ ఎనిమిది నెలల్లో గ్యాస్ ఖాళీ కావలసింది. హై సైడులో, అంటే ఎక్కువ ఒత్తిడి వైపు, సంగతి తిరగబడుతుంది: నిలిచి ఉన్నప్పుడు వంద, ఏసీ వేస్తే రెండు వందలు దాటుతుంది, మే నెల ఎండలో ఇంకా పైకి పోతుంది. కాబట్టి నా అనుమానం కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు, అక్కడి నుంచి వాల్వ్ దాకా ఉన్న హై సైడు మీద. ఇది తర్కం మాత్రమే, సబ్బునురుగు వేసి చూడవలసిందే.

పైన ఇచ్చిన అంకెల్లో ఇంకో విషయం దాగి ఉంది. లోపల ఒక చుక్క ద్రవం మిగిలి ఉన్నంతవరకు, ఆపి ఉన్న బండిలో గేజి చూపేది ఉష్ణోగ్రతనే తప్ప గ్యాస్ పరిమాణాన్ని కాదు. రెండు వందల గ్రాములున్నా నాలుగు వందలున్నా ముల్లు ఒకే చోట నిలుస్తుంది. గేజి పెట్టి చూసి గ్యాస్ నిండుగా ఉందని చెప్పేవారిని ఎన్ని గ్రాములని అడగండి.

వాక్యూమ్ పరీక్ష గురించి. లోపలి గాలినంతా లాగేసినా, లోపలికీ బయటికీ తేడా ఒక్క వాతావరణ పీడనమే, అంటే దాదాపు 14 పీఎస్‌ఐ. పైగా దిశ తలకిందులు. బయటి గాలి రబ్బరును లోపలికి నొక్కుతుంది కనుక, రెండు వందల పీఎస్‌ఐ దగ్గర తెరుచుకునే సందు వాక్యూమ్‌లో తనంత తానే మూసుకోవచ్చు. పెద్ద రంధ్రం ఉంటే వాక్యూమ్ పట్టిస్తుంది. వాక్యూమ్ నిలిచింది కాబట్టి రంధ్రం లేదనడం మాత్రం తప్పు. దాని అసలు ప్రయోజనం తేమను మరిగించి బయటికి లాగడం. 30 డిగ్రీల దగ్గర నీరు మరగాలంటే లోపలి పీడనం ఒకటింపావు అంగుళాల పాదరసానికి దిగాలి. మా మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ బయటి పీడనమే 28 అంగుళాల పైచిలుకు. అందువల్ల పుస్తకంలో రాసిన 29.9 ఇక్కడి గేజిలో ఎప్పటికీ రాదు. అది రాలేదని పంపు మార్చిన ఒక షాపు నాకు తెలుసు.

ఇంకొకటి, అడగకపోయినా చెబుతున్నాను. వందేళ్ల లెక్కన ఆర్‌-134ఏ కార్బన్ డయాక్సైడ్ కంటే 1430 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. 420 గ్రాములు గాలిలో కలిస్తే ఆరు వందల కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత పని. 2016లో కిగాలీలో మాంట్రియల్ ఒప్పందానికి కుదిరిన సవరణ ఇలాంటి వాయువులను క్రమంగా తగ్గించడానికే, భారతదేశం 2021లో దాన్ని ఆమోదించింది. మిగిలిన గ్యాస్‌ను షెడ్డు ముందు బుస్సుమని వదిలేసే అలవాటు ఉన్నచోట, యంత్రంలోకి తీయమని పట్టుబట్టండి.

క్లాక్ టవర్ నివాసి, నల్లగొండ:

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. వేరే షాపుకు వెళ్లాను. నీళ్ల గొట్టం దగ్గరా, రెసిస్టర్ రంధ్రంలోనూ డిటెక్టర్ పెడితే కూయలేదు. వాల్వుల్లో ఒకదానికి మూత లేదు గాని పిన్ను కారడం లేదు. నిన్న సాయంత్రం ఐదు గంటలకు నైట్రోజన్ 150 వరకు నింపి, నురుగు పూసి చూస్తే ఎక్కడా బుడగ రాలేదు. రాత్రంతా అలాగే ఉంచారు. ఈ ఉదయం ఆరింటికి ముల్లు 145 దగ్గర ఉంది. లీకేజీ ఉన్నట్టేనని, అది కాయిలే కావచ్చునని ఆయన కూడా అంటున్నారు. ఏం చేయమంటారు?

భౌతికశాస్త్రం, పాలమూరు:

సాయంత్రం 38 డిగ్రీలు, తెల్లవారుజామున 28 డిగ్రీలు ఉందనుకుంటే, ఏ లీకేజీ లేకుండానే 150 మీద ఐదు పీఎస్‌ఐ తగ్గాలి. గేజి చూపేదానికి బయటి పీడనం 14 కలిపి, కెల్విన్ ఉష్ణోగ్రతల నిష్పత్తితో గుణించి చూడండి, సరిగ్గా అంతే వస్తుంది. సాయంత్రం దాకా ఉంచితే ముల్లు తిరిగి పైకి వస్తుంది. ఆ ఐదుకు కాయిల్‌ను నిందించనవసరం లేదు.

ఏసీ పని, జడ్చర్ల:

సార్, నైట్రోజన్ అలాగే ఉంచి, ఈసారి పైపులను కదిలిస్తూ చూడమనండి. బండి నిలబడినప్పుడు ఇంజను ఊగదు, నడిచేటప్పుడు కంప్రెసర్‌తోపాటు, దాని నుంచి కండెన్సర్‌కు పోయే డెలివరీ పైపు రోజంతా ఊగుతుంది. రబ్బరు పైపు అల్యూమినియంలోకి దిగే చోట నురుగు వేసి, పైపును చేత్తో పట్టుకుని ఇటూ అటూ వంచాలి. బుడగ కోసం తొందరపడకుండా ఒక్కో చోట రెండు నిమిషాలు చూడాలి. అక్కడ కూడా లేకపోతే యూవీ డై (అతినీలలోహిత లైటులో మెరిసే రంగు) వేసి పది రోజులు తిరిగి రండి, చీకటి పడ్డాక లైటు, పసుపు కళ్లద్దాలు పెట్టి వెతికితే ఆకుపచ్చగా మెరుస్తుంది.

క్లాక్ టవర్ నివాసి, నల్లగొండ:

దొరికింది. మధ్యాహ్నానికి ముల్లు మళ్లీ 149 దగ్గరికి వచ్చింది, దానితో కాయిల్ మాట పక్కకు పోయింది. తర్వాత జడ్చర్ల అన్నగారు చెప్పినట్టే చేయించాను. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు పోయే లావుపాటి పైపు, కంప్రెసర్ వైపు కొసలో, నొక్కిన అల్యూమినియం కట్టు కింది అంచు. పైపు కదిలించనంతసేపు నురుగు తెల్లగా, నిశ్చలంగా ఉంది. రేడియేటరు వైపు వంచి పట్టుకోగానే కట్టు అంచున ఆవగింజంత బుడగ లేచింది, పగలలేదు, దాని పక్కన ఇంకొకటి, చూస్తుండగానే నాలుగైదు చేరి గుత్తి కట్టాయి. వదిలితే ఆగిపోయాయి. మళ్లీ వంచితే మళ్లీ మొదలు. అద్దం పెట్టి చూస్తే కట్టు అడుగు భాగాన పొడి దుమ్ము మధ్య బొటనవేలి గోరంత నల్లటి జిడ్డు ఉంది, పై నుంచి చూసిన ఎవరికీ కనిపించే చోటు కాదు. ఏడాదిగా మూడుసార్లు గ్యాస్ నింపించుకుని ఆ గోరంత మరక గుండా గాలిలోకి వదిలాను.

పాత అల్యూమినియం కొసలు ఉంచి, కొత్త రబ్బరు, కొత్త కట్లు వేసి నొక్కించారు. రెండు జాయింట్ల ఓ రింగులు మార్చి, కొత్తవాటికి ఏసీ నూనె రాసి ఎక్కించారు. పైపులు విప్పారు కనుక డ్రయర్ కూడా మార్చారు. మళ్లీ నైట్రోజన్ నింపి, పైపు వంచి చూస్తే బుడగ రాలేదు. నలభై ఐదు నిమిషాలు వాక్యూమ్ పెట్టి, బానెట్ కింది చీటీలో రాసినంత గ్యాస్‌ను, అంటే 420 గ్రాములను, తూకం మీద పెట్టి నింపారు. కంప్రెసర్ మీద రాసిన రకం నూనెనే, పోయినంత అంచనా వేసి కొద్దిగా కలిపారు. మొత్తం నాలుగు వేల ఆరు వందలు అయింది. డాష్‌బోర్డు ముట్టుకోలేదు.

నిన్న మధ్యాహ్నం మిర్యాలగూడ నుంచి వస్తుంటే క్లచ్ ఒక్కసారి పట్టి అలాగే ఉంది, బుస చప్పుడు లేదు.

ఏసీ పని, జడ్చర్ల:

సంతోషం సార్. ఆ మూత లేని వాల్వుకు మూత పెట్టించారా? పిన్ను కారినా ఆపేది లోపల రబ్బరు ఉన్న ఆ మూతే, దుమ్ము పడకుండా కాపాడేదీ అదే. పాత బండి దేనిదైనా దొరుకుతుంది. హై సైడు మూత, లో సైడు మూత ఒకే కొలత కాదు, చూసి తీసుకోండి.

క్లాక్ టవర్ నివాసి, నల్లగొండ:

పెట్టించలేదు, మరిచేపోయాను. హై సైడుదే లేనిది. రేపు ఉదయం ఆఫీసుకు పోయే ముందే ఆ షాపు దగ్గర ఆగుతాను.